ఎండ్రదిబ్బ గాజమ్మ

ఆ రోజు ఉదయం పది గంటలకు గాజమ్మకు ముప్పై ఎనిమిదేళ్ళు నిండాయి. ముప్పై ఎనిమిది రోజుల కిందట పుట్టిన మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళు ఎలా నిండుతాయని మీరు అడగవచ్చు. ఆ ప్రయోగశాలలో మాత్రం ఎవరూ అడగరు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు గానీ, గాజమ్మతో నెల రోజుల సావాసానికే అందరూ ఆమె మనుషులైపోయారు. సహాయకురాలు ఫరీదా రోజూ పది కాగానే అల్మారా ముందు ఒక చాక్లెట్ పెట్టి, "హ్యాపీ బర్త్‌డే గాజమ్మా" అని, ఆనక ఆ చాక్లెట్ తానే తినేసేది.

గాజమ్మ అంటే నిజానికి ఒక అల్మారా. లోపల అరచేయంత గాజు పలకలు ఆరు. ఒకదాని మీద మూత్రపిండం, ఒకదాని మీద కాలేయం, ఒకదాని మీద పేగు, ఒకదాని మీద ఎముక, అలా ఒక్కో అవయవపు కణాలు. వాటన్నిటినీ కలుపుతూ వెంట్రుకంత సన్నటి గొట్టాల్లో ఎర్రటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. ఆ కణాలన్నీ ఒకే మనిషి ఇచ్చిన చెంచాడు రక్తం నుంచి పెంచినవి. ద్రవంలో కలిపే మందు పుణ్యమా అని వాటికి ఒక రోజులో ఒక సంవత్సరం గడిచిపోతుంది. ఆ మనిషి ఏడాది పొడుగునా తినే తిండి, తాగే నీళ్ళు, ఒంట్లోకి పోయే మట్టీ అన్నీ లెక్కకట్టి ఒక్క రోజులో అందిస్తారు. బతికినంత కాలం అల్మారా పైన పచ్చ దీపం వెలుగుతుంది. కాగితాల మీద దాని పేరు 'జీవప్రతి'. అంత గొప్ప పేరు పెట్టి పిలిస్తే ప్రేమ పుట్టడం లేదని ఫరీదాయే గాజమ్మ అని మార్చింది.

ఇంత తతంగం ఒకే ఒక్క అంకె కోసం. సముద్రానికి దగ్గర్లో ఎండ్రదిబ్బ అని నలభై ఇళ్ళ యానాదుల పల్లె. దాని పక్కనే ఉప్పుటేరు. ఎగువన పాతికేళ్ళ కిందట మూతపడిన కార్ఖానా ఒకటి తన కాడ్మియం అనే విషలోహమంతా ఆ ఏటి బురదకు వదిలిపెట్టి వెళ్ళింది. ఇన్నాళ్ళకు ఏరు శుభ్రం చేయడానికి సర్కారు ఒప్పుకుంది. అయితే శుభ్రం అంటే ఎంత? కిలో బురదలో ఎన్ని మిల్లీగ్రాముల విషం మిగిలినా ఫరవాలేదు? ఇల్లు ఊడ్చినట్టు ఏటిని పూర్తిగా ఊడ్చడం ఎవరి తరమూ కాదు. ఎక్కడో ఒకచోట చీపురు ఆపాలి. ఎక్కడ ఆపాలో చెప్పడం డాక్టర్ కుముదిని పని.

ముప్పై ఎనిమిదో పుట్టినరోజుకు ఒక ప్రత్యేకత ఉంది. రక్తమిచ్చిన ఎండ్రదిబ్బ చెంచమ్మ వయసూ అంతే. ఆమెను పట్నానికి పిలిపించి, ఒంటికి సూది తగలకుండా లోపలి లోహాన్ని కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టారు. అసలు మనిషికీ గాజు మనిషికీ లెక్క కలిస్తే గాజమ్మ చెప్పే జోస్యాన్ని నమ్మవచ్చు.

కలవలేదు. గాజమ్మ మూత్రపిండంలో కిలోకి ముప్పై నాలుగు మిల్లీగ్రాములు. చెంచమ్మ మూత్రపిండంలో తొంభై ఆరు.

"చుట్ట తాగుతుందేమో," అన్నారు డైరెక్టరు జోగారావు గారు. పొగాకులోనూ కాడ్మియం ఉంటుంది కనుక ఆ మాట తీసిపారేసేది కాదు.

"తాగదు సార్. ఆకూవక్కా తప్ప ఏ అలవాటూ లేదు."

"అయితే పెట్టె తప్పన్నా అవ్వాలి, మనిషి తప్పన్నా అవ్వాలి. రెండున్నర నెలల్లో పల్లెలో సభ ఉందమ్మా. కిలోకి నాలుగు మిల్లీగ్రాములని చిత్తుప్రతి కూడా రాసేసుకున్నాం. ఏదో ఒకటి తేల్చు."

కుముదిని ఆ సాయంత్రం పాత ప్రశ్నావళి ముందేసుకుని కూర్చుంది. అది తను రాసిందే, బడి వరండాలో చాప మీద కూర్చుని ఒక్కొక్క ఆడమనిషినీ తను అడిగిందే. వారానికి ఎన్ని రొయ్యలు తింటారు, తలలు తింటారా పారేస్తారా, ఏటి నీళ్ళు తాగుతారా. 'బురద నోట్లోకి పోతుందా' అన్న పద్నాలుగో ప్రశ్నకు అందరూ పగలబడి నవ్విన సంగతి గుర్తొచ్చింది. "ఎంత లేనోళ్ళమైనా మన్ను తింటామా తల్లీ!" అని ఒక ముసలామె బుగ్గ నొక్కుకుంది. ముసలామె అంటే యాభై రెండేళ్ళది. ఆ గడిలో కుముదిని పుస్తకంలో ఉన్న మామూలు అంకె వేసేసింది. రోజుకు చిటికెలో పదో వంతు.

మర్నాడు తెల్లవారేసరికి ఆమె ఎండ్రదిబ్బలో ఉంది. ఇదివరకు ఎనిమిదిసార్లు వచ్చింది గానీ ఎప్పుడూ పదకొండు దాటాకే. జీపు దొరికేది అప్పుడే మరి. ఆడవాళ్ళు ఏట్లోకి దిగేది తెల్లవారుజామున. పదకొండింటికల్లా ఇళ్ళు చేరి వంటల్లో ఉండేవాళ్ళు.

"నన్ను కూడా ఏట్లోకి తీసుకుపో చెంచమ్మా."

చెంచమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. సన్నటి మనిషి, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం. "మీరా? ఆ బురదలో కాలు దిగబడిందంటే మిమ్మల్ని లాగను మా నలుగురమూ చాలం. గట్టున కూకోని చూడండక్కా."

"గట్టున కూర్చునే ఈ గతి పట్టింది. పాత చీరుంటే ఇవ్వు."

చెంచమ్మ కూతురు పెంచలమ్మ ఏడో నెల కడుపుతో గుడిసె ముందు కూర్చుని ఉంది. ఆమే కిసుక్కున నవ్వి ఒక చీర తెచ్చిచ్చింది.

నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. కింద బురద మెత్తగా, వెచ్చగా, పిండి పిసికినట్టుంది. పదిమంది ఆడవాళ్ళు వరసగా నడుస్తూ, మెడ దాకా వంగి, రెండు చేతులతో బురదలో తడుముతూ రొయ్యల్ని పట్టుకుంటున్నారు. వలలు లేవు. చేతులే వలలు. కుముదిని చెంచమ్మ వెనకాల తడబడుతూ నడుస్తూ, "రోజుకి ఎన్ని గంటలు ఇలా?" అని అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. చెంచమ్మ ఊఁ అని మాత్రం అంది. అలిగిందేమోనని కుముదిని అవస్థపడుతూ పక్కకు వచ్చి చూసింది.

చెంచమ్మ పళ్ళ మధ్య ఒక నారతాడు ఉంది. తాడు చివర తాటాకు బుట్ట గడ్డం కింద వేలాడుతోంది. బురదలోంచి చెయ్యి పైకొచ్చిన ప్రతిసారీ రొయ్య బుట్టలో పడుతోంది, చేతినుంచి కారిన బురదనీళ్ళు తాడు వెంట నోటికి చేరుతున్నాయి. వరసలో ఉన్న పదిమందీ అలాగే ఉన్నారు. రెండు చేతులకూ పని ఉన్నప్పుడు మూడో చెయ్యి నోరే కదా.

ఎనిమిదిసార్లు వచ్చి, అరవైమందిని ప్రశ్నలడిగి, తను ఈ తాడును ఎందుకు చూడలేదో కుముదినికి అప్పుడు అర్థమైంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. జవాబు చెప్పాలంటే నోట్లోంచి తాడు తీయాలి. అడిగినవాళ్ళకెవరికీ ఆ తాడు కనబడే వీలే లేదు. పైగా నోట్లో ఎంగిలి తాడుతో కొత్తవాళ్ళ ఎదుట నిలబడటం మర్యాద కాదని, ఎవరైనా గట్టు మీదికి వస్తే చాలు, వీళ్ళు తాడు తీసి బుట్ట చంకన పెట్టుకునేవారు. ఆ మర్యాద తనకు తినిపించిన అబద్ధం మీద తను ఒక అంకె కట్టింది. రొమ్ముల లోతు నీళ్ళలో నిలబడి కుముదిని సిగ్గుతో ఏడ్చింది. మొహమంతా తడిగానే ఉంది కనుక ఎవరూ గమనించలేదు.

గట్టెక్కాక ఆ తాడు ఇమ్మని అడిగితే చెంచమ్మ ముడుచుకుపోయింది. "ఎంగిలిది గదక్కా, ఎట్ట ఇచ్చేది? మాలో తల్లి తాడు బిడ్డ కూడా నోట బెట్టదు. మాయమ్మ పేనిచ్చింది నాకు, ఏట్లోకి దిగిన తొలిరోజు."

"పరీక్షకు కావాలి చెంచమ్మా. పోగులు విప్పి చూడాలి."

చెంచమ్మ తాడును ఉప్పునీళ్ళలో మూడుసార్లు జాడించి, ఆకులో చుట్టి ఇచ్చింది. ప్రయోగశాలలో ఫరీదా ఆ తాడు పోగులు విప్పి చూస్తే ఒక్కొక్క పోగు మధ్యా బురద కూరుకుని ఉంది. రోజుకు ఆరు గంటలు, ఏడాదికి మూడొందల రోజులు. చిటికెలో పదో వంతు కాదు, రోజుకు రెండు చిటికెలు.

మొదటి గాజమ్మను ఆపేసి, కొత్తగా నలుగురిని మొదలుపెట్టారు. నలుగురిదీ చెంచమ్మ రక్తమే, నలుగురికీ పళ్ళ మధ్య తాడు ఉన్న లెక్కే. మొదటామెది ఇప్పుడున్న ఏరు. రెండో ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళ దాకా ఇప్పటి ఏరు, ఆ తర్వాత కడిగిన ఏరు, అంటే చెంచమ్మ ఇప్పుడున్న స్థితి. మూడో ఆమె పుట్టినప్పటినుంచే నాలుగు మిల్లీగ్రాముల ఏరు. నాలుగో ఆమెది పుట్టినప్పటినుంచే ఒకటిన్నర. ఫరీదా ఇప్పుడు పొద్దున్నే నాలుగు చాక్లెట్లు తింటోంది.

"ఒకటిన్నరా?" జోగారావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "నాలుగైతే కార్ఖానా కాలవ దగ్గర తవ్వితే చాలు, ఆరు నెలల్లో అయిపోతుంది. ఒకటిన్నర అంటే పల్లె ముందున్న ఏరంతా తవ్వాలి. మూడేళ్ళు మూసెయ్యాలి. ఆ నలభై ఇళ్ళవాళ్ళూ మూడేళ్ళు ఏం తింటారమ్మా?"

"తాడు నోట్లో ఉన్నంతకాలం నాలుగు సరిపోదు సార్."

"అయితే తాడే తీయించు. తేలే బుట్టలు చేయించి ఇద్దాం. తాడు మార్చడం సులువా, ఏరు మూయడం సులువా? వాళ్ళంతట వాళ్ళు ఏరు మూయమని అడిగారా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆయన చెడ్డవారు కాదు. మూడేళ్ళ ఆకలిని ఆయన నిజంగానే ఊహించుకున్నారు. అందుకే కుముదిని తేలే బుట్టలు చేయించి తనే పట్టుకెళ్ళింది. చెంచమ్మ వాటిని వారం రోజులు శ్రద్ధగా వాడింది. పోటుకి బుట్ట కొట్టుకుపోతే వెంటపడి ఈదింది, నడుముకి కట్టుకుంటే అలకి మునిగి రొయ్యలన్నీ బయటికి దూకాయి. సగం కూడా దొరకలేదు. ఎనిమిదో రోజున కొత్త నారతాడు పేనుకుంది.

"కోప్పడబాకక్కా," అంది. "నువ్వు చెప్పింది మంచికే. కానీ ఏరు దాని పద్ధతిలో అది ఉంటాది. దానికి తగ్గట్టు మా అమ్మలు కనిపెట్టిన పద్ధతి ఇది." తర్వాత సిగ్గుపడుతూ అడిగింది. "మా గాజమ్మోళ్ళు ఎట్టుండారు? ఒక్కతూరి చూపిస్తావా?"

సరేనంది కుముదిని. అక్కడే ఆమె తప్పు చేసిందో ఒప్పు చేసిందో నాకిప్పటికీ తెలియదు. రక్తం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేయించుకున్న కాగితంలో 'ఫలితాన్ని దాతకు తెలియజేయరాదు' అని స్పష్టంగా ఉంది. ఎవరి చావు తేదీ వాళ్ళకు చెప్పే హక్కు ఎవరికీ లేదని ఆ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. తీసుకెళ్ళిన రోజుకు గాజమ్మలకు యాభై రెండో ఏడు నడుస్తోంది. ముందురోజు మధ్యాహ్నం మొదటి అల్మారా మీద పచ్చ దీపం ఆరిపోయింది. ఆ అల్మారా మీద గుడ్డ కప్పమని కుముదిని ఫరీదాకు చెప్పింది. ఫరీదా కప్పింది కూడా.

చెంచమ్మ లోపలికొచ్చి చెప్పులు బయటే విడిచింది. గాజు పలకల ముందు వంగి, ఊపిరి తగిలితే ఏమవుతుందోనన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "నేనా ఇది?" అంది. "ఎంత చక్కంగా ఉండా!" అందరూ నవ్వారు. తర్వాత ఆమె గుడ్డ వైపు చూసింది.

"ఇది కప్పుండారేంది?"

చెంచమ్మ తనే గుడ్డ తొలగించింది. ఆరిన దీపం చూసింది. మూడు వెలిగే దీపాలు చూసింది.

"ఈమెది ఏ ఏరు?"

కుముదిని అబద్ధమాడుదామనుకుంది. నోరు రాలేదు. "ఇప్పుడున్న ఏరు."

"ఎన్నో ఏట?"

"యాభై ఒకటి."

చెంచమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. రెండు చేతుల వేళ్ళూ అయ్యాక ఇంకో మూడు. "మాయమ్మ నలభై ఎనిమిదికి పోయింది. నడుం వంగి, ఎముకలు పిండిపిండి అయిపోయి. నాకు మూడేండ్లు ఎక్కవే ఇచ్చిందే గాజమ్మ!" అంది నవ్వుతూ. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆమే ఆపింది. "దీనికి నొప్పి తెలిసుంటదా అక్కా?"

"తెలియదు. మెదడు లేదు."

"అదృష్టవంతురాలు," అని గుడ్డ మళ్ళీ సర్దింది, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు.

మధ్యాహ్నం కుముదిని ఆమెను అన్నానికి తన ఇంటికి తీసుకెళ్ళింది. ఇంట్లో కుముదిని తల్లి వర్ధనమ్మ ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఆమెకు కాఫీ చల్లారితే కోపం, వేడిగా ఉంటే కోపం, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి చీర మీద కోపం. "కూర్చోవే పిల్లా, అలా నిలబడితే నాకు మెడ నొప్పి," అని చెంచమ్మనూ గదమాయించింది.

చెంచమ్మ అన్నం తినడం మానేసి ఆమెనే చూస్తోంది. ముడతలు పడిన చేతులు, వదులైన చర్మం కింద నీలం నరాలు, నెరిసి దూదిలా ఉన్న జుట్టు. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"అవ్వా, నీకెన్నేండ్లు?"

"ఎనభై నాలుగు. ఏం, ఎక్కువయ్యాయా?"

"నీ చెయ్యి ఒకతూరి పట్టుకోనా?"

వర్ధనమ్మ జన్మలో మొదటిసారి ఏం తిట్టాలో తోచక చెయ్యి చాపింది. చెంచమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, ముడతల్ని ఒక్కొక్కటే బొటనవేలితో సాపు చేసి చూసింది. "ఇంత వయసొస్తే మనిషి ఇట్టుంటాదా," అంది తనలో తను. "మెత్తంగా ఉండాదక్కా. తమలపాకు మాదిరి." కుముదిని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మజ్జిగ తేవడానికని చెప్పింది గానీ, మజ్జిగ అప్పటికే బల్ల మీద ఉంది.

సభ బడి ఆవరణలో షామియానా కింద జరిగింది. అప్పటికి రెండో గాజమ్మ యాభై ఆరుకు, నాలుగు మిల్లీగ్రాముల ఏటిలో పుట్టిన మూడో గాజమ్మ అరవైకి ఆగిపోయారు. నాలుగో దీపం ఒక్కటే వెలుగుతోంది. అల్మారాల్లో ఉన్న రక్తం ఎవరిదో చెప్పకుండా కుముదిని ఫలితాలు చదివింది. జోగారావు గారు తేలే బుట్టల సంగతి, ఆరు నెలల సంగతి చెప్పారు. ఆయన చెప్పింది జనానికి నచ్చింది.

చెంచమ్మ మరిది పోలయ్య లేచాడు. "మూడేండ్లు ఏరు మూస్తే మేం గాలి తినాల్నా? ఎప్పుడో వచ్చే రోగానికి ఇప్పుడే పస్తులుండాల్నా? నాలుగే రాసుకోండి సారూ. మా బుట్టల సంగతి మేం జూసుకుంటాం." చప్పట్లు మోగాయి. కుముదిని మైకు పట్టుకుని ఏదో చెప్పబోయింది. చెప్పడానికి ఆమె దగ్గర అంకెలు తప్ప ఏమీ లేవు.

ఆడవాళ్ళ వైపునుంచి చెంచమ్మ లేచి నిలబడింది. మైకు వద్దంది.

"ఆ పెట్టెల్లో ఉండేది నా రగతం. చెప్పకూడదని అక్కకి రూలుంటే ఉండనీ, నాకు లేదు. ఏరు ఇట్టనే ఉంటే నేను యాభై ఒకటికి పోతా. రేపే కడిగినా యాభై ఆరుకి పోతా. లోపలికి పోయిన విషం తిరిగి రాదంట. అయిదేండ్ల కోసం నేను మూడేండ్లు ఏరొదులుకుంటానా? ఒదులుకోను. నా కోసమైతే మూయబాకండి."

పెంచలమ్మ తల్లి కొంగు పట్టుకుని లాగుతోంది, కూర్చోమని.

"కానీ కడాపటి పెట్టెలో ఒకతి ఉండాది. ఒకటిన్నర ఏట్లో పుట్టింది. దాని నోట్లో కూడా నా తాడే. నిన్నటికి దానికి అరవై ఆరు. మన దిబ్బ మీద అరవై ఆరేండ్ల ఆడమనిషిని ఎవరన్నా చూసుండారా? చూసుంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. పోలయ్య నేల చూపులు చూశాడు. అతని తల్లి నలభై ఆరుకే పోయింది.

"నేను జూసినా," అంది చెంచమ్మ. "పట్నంలో. ఎనభై నాలుగేండ్లామెను. చెయ్యి కూడా పట్టుకున్నా. మా పెంచలమ్మ కడుపులో ఉండే బిడ్డ చెయ్యి కూడా అట్ట మెత్తబడాల." అని కూర్చుని, కూతురి చేతిలోంచి కొంగు విడిపించుకుని మొహం తుడుచుకుంది.

జోగారావు గారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. తర్వాత చిత్తుప్రతి కాగితం మీద నాలుగు కొట్టేసి, "ఒకటిన్నర. ఏమమ్మా, సంతకం పెట్టు," అని కుముదిని వైపు జరిపారు.

అంతటితో అంతా సుఖాంతమైందని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సభ జరిగిన మూడో రోజే ఏరు మూశారు. తవ్వే యంత్రాలు వచ్చాయి. సర్కారు ఇస్తానన్న బియ్యం మొదటి వారం వచ్చాయి, రెండో వారం రాలేదు. ఆడవాళ్ళు చుక్క పొడవకముందే లేచి రెండు గంటలు నడిచి దక్షిణాన ఉన్న పరాయి ఏటికి పోతున్నారు, అక్కడివాళ్ళతో మాటలు పడుతున్నారు. ఆరు కుటుంబాలు ఇటుక బట్టీలకు వెళ్ళిపోయాయి. పోలయ్య వదినతో మాట్లాడటం మానేశాడు. ఏరు మూసిన వారానికి పెంచలమ్మకు ఆడపిల్ల పుట్టింది. చూడటానికి అందరూ వచ్చారు, పోలయ్య మాత్రం రాలేదు.

నాలుగో గాజమ్మ డెబ్బై తొమ్మిది నిండి ఎనభయ్యో ఏట అడుగుపెట్టే రోజున చెంచమ్మ ప్రయోగశాలకు వచ్చింది. పరాయి ఏటి దారిలో గీసుకున్న గాట్లు ఆమె కాళ్ళ నిండా ఉన్నాయి. పచ్చ దీపం చూసి మొహం విప్పారింది.

"ఈ పొద్దు దీనికేం పెడతారక్కా?"

ఫరీదా తెర మీద లెక్క చూపించింది. చెంచమ్మకు చదువు రాదు కనుక చదివి వినిపించింది. అన్నం ఇంత, రొయ్యలు ఇన్ని, నీళ్ళలో ఆరు గంటలు, నోట్లో తాడు ఆరు గంటలు.

చెంచమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఆమెకు కోపం రావడం కుముదిని అదే చూడటం. "ఎనభై ఏండ్ల ముసిల్దాన్ని ఆరు గంటలు నీళ్ళలో నిలబెట్టుండారా? సిగ్గులేదా మీకు?"

కుముదిని నిర్ఘాంతపోయింది. నిజమే. ఎండ్రదిబ్బ ఆడవాళ్ళ లెక్కలు ఆమె దగ్గర అరవైతో ఆగిపోయాయి. ఆపైన మనుషులు లేరు కనుక అడగడానికి ఎవరూ లేరు. అరవయ్యో ఏటి లెక్కనే రోజూ వేస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళుగా ఒక ముసలమ్మను విశ్రాంతి లేకుండా బురదలో నిలబెట్టారన్నమాట.

"నాకు తెలియదు చెంచమ్మా," అంది. "మీ పల్లెలో ఎనభై ఏళ్ళామె ఎలా బతుకుతుందో నాకు తెలియదు. నువ్వు చెప్పు, రాస్తాను." అంటూ కొత్త ప్రశ్నావళి ఒకటి తీసి పెన్ను పట్టుకుంది.

చెంచమ్మ అల్మారా ముందు నేల మీద కూర్చుంది. ఆమెకూ తెలియదు. ఎప్పుడూ చూడని దాన్ని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"జారుడు సంగటి రాయి. రెండు పూట్లా. మీదికి రోంత ఎండు రొయ్యల పొడి. అన్నం అరగదు."

"రాశాను."

"మధ్యానం నిద్రపోతాది. లేసి ఆకూవక్కా నములుతాది. గుమ్మంలో కూకోని మనవరాళ్ళని తిడతాంటాది, తల దువ్వుకోలేదని."

"దానికి గడి లేదు," అంది కుముదిని. అయినా రాసింది. "నీళ్ళలో ఎన్ని గంటలు?"

"ఇంకా నీళ్ళలోకేంది? దిగదు."

కుముదిని సున్నా వేయబోయింది.

"ఉండక్కా." చెంచమ్మ పచ్చ దీపం వైపు చూస్తోంది. "ఒక గంట రాయి."

ఆ గడి పక్కన 'కారణం' అని ఉంది. దాని కింద నాలుగే గళ్ళున్నాయి. చేపల వేట, రొయ్యల వేట, స్నానం, ఏరు దాటడం. దేనికి టిక్కు పెట్టాలని కుముదిని అడిగింది.

"యాదీ కాదు," అంది చెంచమ్మ. "నీళ్ళు చల్లంగా ఉంటాయని దిగతాది. కూసేపు అట్టా నిలబడి వచ్చేస్తాది. పనేం లేదు. ఊరికే."

కుముదిని నాలుగు గళ్ళూ కొట్టేసి, పక్కనున్న ఖాళీలో 'ఊరికే' అని రాసి, గాజమ్మ ఎనభయ్యో ఏడాది మొదలుపెట్టింది.